రంగానికి పచ్చజెండా

నాకు నోరెక్కువని మా చుట్టాలంతా అంటారు. ఆ నోరు నాది కాదు, మా నానమ్మది. ఆవిడ పోయాక గొలుసూ గాజులూ పెద్దకోడలికి వెళ్ళాయి, ఇత్తడి సామాను మా అమ్మ తెచ్చుకుంది, నా వాటాకి నోరొచ్చింది. దాన్ని అమ్ముకోవడానికీ లేదు, తాకట్టు పెట్టుకోవడానికీ లేదు కాబట్టి వాడుకుంటున్నాను.

నానమ్మకి ఇద్దరు కొడుకులు. చిన్నవాడు మా నాన్న, పోయి చాలా ఏళ్ళయింది. పెద్దవాడు మా పెదనాన్న. టాటానగర్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి జుగ్సలాయిలో ఇల్లు కొనుక్కున్నాడు. కింద ఉల్లిపాయల గోడౌను, పైన కాపురం. మెట్లెక్కుతుంటేనే కళ్ళు మండుతాయి. ఆ ఇంట్లో ఎవరేడ్చినా నెపం ఉల్లిపాయల మీదకు పోతుంది. మా పెద్దమ్మ ఆ వెసులుబాటు బాగా వాడుకునేది.

మా ఇంట్లో మనుషులు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకు తినడం పూటపూటా అన్నం తిన్నంత మామూలు. నా పెళ్ళిలో, పీటల మీద నా ఒళ్ళు చూసి పెదనాన్న మగపెళ్ళివారి ముందే, "గూడ్సుకి ఇంజను దొరికింది, ఇంక లాగడం నీ ఓపిక అల్లుడా" అన్నాడు. అందరూ నవ్వారు, మా ఆయన కూడా నవ్వాడు. నానమ్మ తక్కువ తిన్లేదు. ముప్పయ్యేళ్ళ పాటు పెద్దమ్మ వండింది తిని, తిన్న ప్రతిసారీ, "నీ సేతి పులుసు తిన్నాక నాకు సావంటే బయం పోనాదే" అనేది. ఇక కొడుకు దగ్గర ఆవిడకి ఒకటే పాట. మా అయ్య ఉంటేనా. ఉద్యోగంలో ప్రమోషను రాకపోతే మా అయ్య ఉంటేనా. ఇల్లు ఇరుకు సందులో కొంటే మా అయ్య ఉంటేనా. పెదనాన్నకి అరవై దాటాయి, అప్పటికీ కళ్ళతో చూడని తాతతో పోటీ తప్పలేదు.

ఆ తాత సంగతి తరవాత చెప్తాను. ముందు జెండాలు.

రిటైరైన రోజు పెదనాన్న వెలిసిపోయిన జెండాల జత ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. వంటింటి వైపు పచ్చది ఊపితే టీ తెమ్మని. ఎర్రది చూపిస్తే టీవీ ఆపమని. మొదట్లో తమాషాగా ఉండేది. ఏడాది తిరిగేసరికి పెద్దమ్మ ఆ గుడ్డ కదిలితే చాలు ఉలిక్కిపడేది.

శీతాకాలంలో ఒక ఆదివారం నేను చేపలు పట్టుకుని అక్కడికి వెళ్ళాను. పెదనాన్న మనవరాలు కూడా వచ్చింది. కొడుకు కూతురు. వాళ్ళు గమ్హరియాలో ఉంటారు, ఈ పిల్ల ఊళ్ళోనే మేనేజ్‌మెంట్ కాలేజీలో చదువుతోంది. తెలుగు వింటుంది, జవాబు హిందీలో ఇస్తుంది. కాలేజీలో ఒక ప్రాజెక్టు ఇచ్చారట. ఉత్తుత్తి కంపెనీ ఒకటి, అది కట్టబోయే థీమ్ పార్కు ఒకటి. పార్కు మన దేశంలో ఉండకూడదు. ఏ దేశంలో ఏ ఊళ్ళో పెడితే బాగుంటుందో ఎంచి, ఎందుకో క్లాసులో నిలబడి చెప్పాలి.

"తీమ్ పార్కంటే ఏటే?" అన్నాడు పెదనాన్న.

"బడే బడే ఝూలే, దాదాజీ."

"రంగులరాట్నాలు," అని నానమ్మకి చెప్పాను నేను. నానమ్మ కిటికీ దగ్గర చేటలో పచ్చి బఠాణీలు ఒలుచుకుంటోంది. ఎనభై దాటినా చేతులు ఆడుతూనే ఉండేవి. తల కూడా ఎత్తలేదు.

ఆ పిల్ల అడిగింది ఒక సలహా. మా ఇంట్లో సలహా అడగడమంటే పులి నోట్లో తల పెట్టి పళ్ళు లెక్కపెట్టడం. పెదనాన్న వెంటనే కుర్చీ గోడకి జరుపుకుని జడ్జీ అయిపోయాడు. ఒక్కొక్కళ్ళూ ఒక దేశం చెప్పాలి, కారణం చెప్పాలి, నచ్చితే పచ్చజెండా, నచ్చకపోతే ఎర్రజెండా.

పిల్ల పోర్చుగల్ అంది. ఎండ ఉంటుంది, సముద్రం ఉంటుంది, మిగతా చోట్ల కంటే స్థలం చవక, మంచు పడే దేశాల్లో అయితే సగం ఏడాది ఝూలాలు ఖాళీగా తిరుగుతాయని బాగానే చెప్పింది. ఎర్రజెండా లేచింది. "ఆళ్ళొచ్చి మనకి మిరపకాయ నేర్పీసినారు. ఇప్పుడు మనవెల్లి ఆళ్ళకి ఉయ్యాల నేర్పాలేటి?"

పెద్దమ్మ వంటింట్లోంచి, నేపాల్ అయితే పశుపతినాథుడి దర్శనం కూడా అయిపోతుంది కదా అంది. "నీకు వంటిల్లు దాటడమే పైదేశం, నువ్వూరుకో," అన్నాడు. ఎర్రజెండా.

నాకు ఒళ్ళు మండింది. పెరూ అన్నాను.

"పేరే అడుగుతన్నాం. సెప్పవేటే?" అంది నానమ్మ తల దించుకునే.

"పెరూయే నానమ్మా."

"పేరుకి పేరు లేదేటి? సదువుకున్నదానివి, ఓ దేసం పేరు తెల్దా?"

పిల్ల నవ్వి నవ్వి మంచం మీద పడింది. పెదనాన్న నాకు ఎర్రజెండా కూడా చూపించలేదు, జెండాతో ముక్కు తుడుచుకున్నాడు.

అప్పుడు నానమ్మ చేట పక్కన పెట్టి, "రంగంల ఎట్టండి," అంది.

"రంగ్? కౌన్ సా రంగ్?" అంది పిల్ల. ఫోనులో కొట్టింది. విశాఖపట్నంలో ఏదో డాన్సు స్కూలూ, రంగులమ్మే కొట్టూ వచ్చాయి. "సున్నాల కొట్లో పార్కెట్టమంతంది మీ ముసిలిది," అని పెదనాన్న తొడ కొట్టుకున్నాడు. రంగమంటే ఏమిటో ఆయనకి తెలుసు. పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో విన్న మాట అదే కదా.

పిల్లకి నేనే చెప్పాను. రంగమంటే రంగూను. ఉత్తరాంధ్రలో పాతవాళ్ళు బర్మా మొత్తాన్నీ రంగమనే అనేవాళ్ళు. వానలు లేనప్పుడు మగాళ్ళు ఓడెక్కి రంగం పోయేవాళ్ళు, రేవులో బియ్యం బస్తాలు మొయ్యడానికీ, మిల్లుల్లో పని చెయ్యడానికీ. నానమ్మ అయ్య కూడా పోయాడు. నానమ్మకి మూడో నాలుగో ఏళ్ళప్పుడు ఒకసారి వచ్చి మళ్ళీ వెళ్ళాడు. తరవాత యుద్ధం, బాంబులు. మనవాళ్ళు అడవుల్లో పడి నడిచొచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చారు, దారిలో పోయినవాళ్ళు పోయారు. ఆయన ఇటూ కాలేదు, అటూ కాలేదు. నానమ్మ తల్లి, మా తాతమ్మ, చచ్చేదాకా బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. మనిషి పోయాడని కబురు లేకుండా ఎలా తీస్తారు? ఆవిడ మా నానమ్మ దగ్గరే, టాటానగర్ క్వార్టర్లోనే పోయింది. పసుపు రాసి, కొత్తచీర కట్టి, ముత్తైదువుగానే సాగనంపారట. తన అమ్మ అలా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసింది, తన అయ్య అంతటి మనిషి అని నానమ్మ గొప్పగా చెప్పుకునేది.

పిల్ల ఫోనులో ఈసారి రంగూను తీసింది. ఏదో సంతలో రాట్నం వీడియో దొరికింది. మోటారు లేదు. కుర్రాళ్ళు కోతుల్లా ఊచలు పట్టుకుని పైకెక్కి, పై నుంచి తమ బరువుతో వేలాడుతుంటే చక్రం గిర్రున తిరుగుతోంది. నానమ్మ ఫోను లాక్కుని ముక్కుకి ఆనించుకుంది. బఠాణీ పసరు అద్దానికంతా అంటుకుంది.

"ఇదే. మా అయ్య సెప్పిన రాట్నం ఇదే. మనుసులే ఎక్కి తిప్పుతారని మా యమ్మతో సెప్పినాడంట. ఈపాలి వచ్చినప్పుడు గుంటని కూడా తీసుకెల్లి ఎక్కిత్తానన్నాడంట."

గుంటంటే మా వైపు ఆడపిల్ల. ఆ గుంట తనే. ఎనభై ఏళ్ళ గుంట.

అక్కణ్ణించి ఆవిడని ఎవరూ ఆపలేకపోయారు. కరెంటు పోయినా ఆ రాట్నం ఆగదు, అది మొదటి కారణం. పిల్ల కళ్ళు పెద్దవి చేసి, "యే తో పాయింట్ హై," అంది. అక్కడివాళ్ళూ అన్నం తినేవాళ్ళే, వచ్చినవాళ్ళకి తిండికి ఇబ్బంది ఉండదు. మనవాళ్ళు ఆ ఊరంతా తిరిగినవాళ్ళే, దారి కొత్త కాదు. "నువ్వు నీ కాలేజీల నిలబడి రంగమని సెప్పే. మా పెద్దదాది అయ్య పోయినూరు, అక్కడే ఎడతాం అని సెప్పే." ఆవిడ ముఖం నేనెప్పుడూ అలా చూడలేదు. ఉత్తుత్తి పార్కని ఆవిడకీ తెలుసు. అయినా ఈ ఇంట్లోంచి ఒక్కళ్ళు, ఉత్తుత్తికైనా సరే, రంగం వెళ్తామని పైకి అనాలి. జన్మంతా ఆవిడ అడిగింది అదొక్కటే. దానికి ఒక గుడ్డముక్క ఊపితే సరిపోయేది.

పెదనాన్న ఎర్రజెండా ఎత్తాడు. "అక్కడ మిలట్రీ ఓళ్ళు కాల్చుకుంతన్నారు. పేపరు సూడవా?"

"మా అయ్యున్నప్పుడూ బాంబులే పడ్డాయి. జనం రాట్నం ఎక్కడం మానీసినారేటి? ఊపరా పచ్చది."

గోడ పట్టుకోకుండా లేచింది. అది కూడా నేనెప్పుడూ చూడలేదు. వెళ్ళి కొడుకు చేతిలోంచి పచ్చజెండా లాక్కోబోయింది. ఆయన వీపు వెనక దాచాడు. ఆవిడ అటు తిరిగితే ఇటు దాచాడు. పిల్ల నవ్వుతోంది, నేనూ నవ్వుతున్నాను. ఆట అక్కడ ఆగినా బాగుండేది.

"ఊపుతాను గాని, ముందోమాట సెప్పు," అన్నాడు పెదనాన్న. "టికెట్ల కాడ ఎవుల్ని కూకోబెడతావు? మీ అయ్యకి అక్కడ పుట్టినోళ్ళనేనా? మనకాడ డబ్బుచ్చుకోరులే, సొంత సుట్టాలు కదా."

తన జోకుకి తనే నవ్వాడు. ఒక్కడే నవ్వాడు.

"ఏటన్నావు?" అంది నానమ్మ.

అప్పుడైనా నోరు మూసుకోవచ్చు. ఏదో ఊరికే అన్నానని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చిన మాట మింగే అలవాటు మా వంశంలో ఎవరికీ లేదు. చెప్పేశాడు. తాగి లేడు, కోపంలో లేడు. రైలు ఎన్ని గంటలు లేటో చెప్పినట్టు చెప్పాడు.

తాతమ్మ చివరి రోజుల్లో మనవణ్ణి పిలిచి చెప్పిందట. యుద్ధం అయ్యాక మన ఊరివాడొకడు రంగం నుంచి తిరిగొచ్చి ఆవిణ్ణి చాటుగా కలిశాడు. చచ్చిపోయానని చెప్పు అని నీ మొగుడు నాతో కబురు పంపాడమ్మా, చెప్పడానికి నాకు నోరు రాలేదు అన్నాడు. మనిషి బతికే ఉన్నాడు. అక్కడి మనిషిని చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. ఆవిడ ఆ వచ్చినవాడికి ఒట్టు పెట్టింది, చచ్చాడనీ చెప్పకు, ఉన్నాడనీ చెప్పకు అని. మనవడికి ఎందుకు చెప్పిందంటే, తనకి కర్మ చేసేది వాడే. నాలుగు రోజుల్లో తను పోతే, ఇన్నేళ్ళు కబురు లేని మనిషికి బొట్టేమిటని ఎవరైనా ముసలమ్మలు తుడవబోతారు. తుడవనివ్వకు, నాకు తెలుసు, ఆయన ఉన్నాడు అంది. మీ అమ్మకి మాత్రం చెప్పకు, దానికి అయ్య కావాలి అంది.

అంటే తాతమ్మ బొట్టు ఎదురుచూపు కాదు. ఆవిడకి తెలిసే పెట్టుకుంది. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, ఉన్నాడు, అక్కడున్నాడు అనుకుంటూ పెట్టుకుంది. మేమంతా దాన్ని పాతివ్రత్యమని పిల్లలకి కథగా చెప్పాం. నాకు ఇప్పటికీ అది తల్చుకుంటే ఆ రంగం ముసలాయన్ని గొయ్యి తవ్వి పైకి తీసి మరీ కొట్టాలనిపిస్తుంది.

నలభై ఏళ్ళు దాచాడు పెదనాన్న. ఆ మాట ఒప్పుకోవాలి. మా అయ్య ఉంటేనా అని తల్లి గుచ్చిన ప్రతిసారీ ఆయన దగ్గర జవాబు ఉంది, బయటపెట్టలేదు. చివరికి ఒక కాలేజీ పిల్ల ఆటలో, జెండా కోసం బయటపెట్టాడు.

నానమ్మ మళ్ళీ వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుంది. మిగిలిన బఠాణీలన్నీ ఒలిచింది. తొక్కలు ఒక పక్క, గింజలు ఒక పక్క. చేట నా చేతికిచ్చి, "నీ ఇంటికి వత్తాను, పద," అంది.

బట్టల సంచీ, వక్కలు దంచుకునే రోలు పట్టుకుని దిగాం. ఆటో ఎక్కుతుంటే పెదనాన్న పై నుంచి, "రంగం ఎల్తన్నావేటమ్మా?" అని అరిచాడు. ఇంకా అది ఆటేనని అనుకుంటున్నాడు. పక్క కొట్టువాడు కూడా నవ్వాడు.

మేముండేది గోల్‌మురిలో, ముందు చిన్న గేటున్న క్వార్టరు. ఆ తరవాత వచ్చిన ఆదివారం పెదనాన్న స్కూటరు వేసుకుని, జిలేబీ పొట్లం పట్టుకుని వచ్చాడు. గేటు దగ్గర హారన్ కొట్టాడు. నానమ్మ ముందు గదిలోనే మంచం మీద ఉంది. కిటికీలోంచి ఆవిడకి ఆయన కనిపిస్తాడు, ఆయనకి ఆవిడ కనిపిస్తుంది.

"సచ్చిపోనానని సెప్పీ," అంది నాతో.

గేటు దగ్గరికి వెళ్ళాను. "పెదనాన్నా, నానమ్మ చచ్చిపోయిందంట," అన్నాను.

ఒక్క క్షణం చూసి నవ్వాడు. "అలాగా! దినమెప్పుడో కనుక్కుని సెప్పు, భోజనానికి వత్తాను," అన్నాడు. జిలేబీలు గేటుకి తగిలించి వెళ్ళిపోయాడు. జిలేబీలు నానమ్మ తినలేదు. మేం తిన్నాం.

తరవాతి ఆదివారం అదే మాట, ఆపై ఆదివారం అదే మాట. నేను ప్రతిసారీ ఆ కబురు గేటుదాకా మోసుకెళ్ళాను, ఒక్క అక్షరం తగ్గించకుండా. నాకు చాలా సుఖంగా ఉండేదని దాచకుండా చెప్తున్నాను. ఇంజను, గూడ్సు అని నన్ను చూసి నవ్విన మనిషి గేటవతల హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడితే, ఇంతకంటే ఏం కావాలి? మా ఆయన ఒకసారి, పోనీ పెద్దాయన్ని లోపలికి పిలవకూడదా అన్నాడు. నీకు జాలేస్తే నువ్వెళ్ళి బయట నిలబడు అన్నాను.

పిల్ల కూడా ఒకసారి వచ్చింది. ప్రాజెక్టు అయిపోయిందంది. నానమ్మ దాని చెయ్యి పట్టుకుని, "రంగమన్నావేటే?" అని అడిగింది.

"హాఁ దాదీ. సబ్‌కో బహుత్ పసంద్ ఆయా," అంది పిల్ల, అందరికీ తెగ నచ్చిందని. క్లాసులో చెప్పింది పోర్చుగల్ అని గుమ్మం బయట నాతో అప్పటికే చెప్పింది. అది వెళ్ళాక నానమ్మ రోట్లో వక్క వేసి దంచుతూ, "అబద్దం ముద్దుగా సెప్పింది. మా అయ్య పోలిక," అంది. నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆవిడ నవ్వట్లేదు.

ఎండాకాలం వచ్చేసరికి పెదనాన్న జోకులు మానేశాడు. ఒక ఆదివారం జిలేబీలు లేవు. పచ్చజెండా తెచ్చాడు. గేటు బయట రోడ్డు మీద నిలబడి, బండి వెనక గార్డు పెట్టెలోంచి ఊపినట్టు చెయ్యి పూర్తిగా చాపి ఊపాడు. సైకిల్ మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. ఎవడో ఈల వేశాడు. ఆయన ఆపలేదు, చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయేదాకా ఊపుతూనే ఉన్నాడు. నాకే ఎందుకో అటు చూడబుద్ధి కాలేదు.

నానమ్మ కిటికీలోంచి బాగా చూసింది. ఆవిడ కోరిన జెండా అదే. కోరిన చేతిలోనే ఉంది.

"బండి ఎల్లిపోనాది. సచ్చిపోనానని సెప్పీ," అంది.

వెళ్ళి చెప్పాను. పెదనాన్న జెండా మడిచి జేబులో పెట్టుకుని, "సరే అని సెప్పు," అన్నాడు.

రథయాత్ర అయిన వారానికి, పొద్దున ఫ్యాక్టరీ భోంపూ కూసే వేళ, టీ పట్టుకెళ్ళి లేపితే నానమ్మ లేవలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. మా ఆయన డాక్టరు కోసం పరిగెత్తాడు. నేను పెదనాన్నకి ఫోను చేశాను.

"పెదనాన్నా, నానమ్మ చచ్చిపోయింది."

"అలాగే," అన్నాడు నిద్రమత్తులో. "ఇవాళ ఆదివారం కాదు కదే. పొద్దున్నే ఎందుకు సెప్పమన్నాది?" పెట్టేశాడు.

నేను ఎన్నో ఆదివారాలు ఆ మాట అదే గొంతుతో చెప్పాను. ఇంకో గొంతు నా దగ్గర లేదు. మళ్ళీ చేశాను. "పెదనాన్నా, పెట్టెయ్యకు. నిజంగా పోయింది. ఘాటుకి తీసుకెళ్ళాలి. నిప్పు పెట్టాల్సింది నువ్వే, తొందరగా రా," అన్నాను.

ఈసారి ఫోను పెట్టెయ్యలేదు. కింద గోడౌను ముందు లారీ ఆగినట్టుంది, హమాలీలు బస్తాలు దించుతున్న చప్పుడు, ఎవరో హిందీలో తిడుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి. తరవాత ఆయన గొంతు సన్నగా వచ్చింది.

"నన్ను రమ్మన్నాదా?"

లేదని చెప్పాను.